ఎండల్లో ఇంజన్ల వెంట: కాజీపేట నుంచి రామగుండం దాకా

ఇంటికొచ్చి రెండుసార్లు ఉతికినా చున్నీ అంచున బొగ్గు మసి ఇంకా పోలేదు. అది పోయేలోగా, విన్న మాటలు మర్చిపోయేలోగా రాసేద్దామని కూర్చున్నాను.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఉష్ణ యంత్రం పాఠం రాగానే బోర్డు మీద ఒక గుండ్రం గీస్తాను. పైన వేడి ఆశయం, అంటే వేడి వచ్చే చోటు. కింద చల్లని ఆశయం, అంటే మిగిలిన వేడి పోయే చోటు. రెండిటికీ చెరో బాణం, పక్కకు పనిని చూపే ఇంకో బాణం. నలభై నిమిషాల్లో ఇంజన్ అయిపోతుంది. దానికి నూనె వాసన ఉండదు, చప్పుడు ఉండదు, నడిపే మనిషీ ఉండడు. ఈ ఎండాకాలం సెలవుల్లో అసలు ఇంజన్లను, వాటి పక్కన నిలబడే మనుషులను చూసి రావాలనిపించింది. హన్మకొండలో మా తమ్ముడు ఉంటాడు, వాడికో పాత కారుంది. "అందరూ ఎండకు ఊటీ పోతారు అక్కా, నువ్వేమో బాయిలర్ దగ్గరికి పోదామంటున్నావ్" అని గొణుగుతూనే ట్యాంకు నింపించాడు.

ఏప్రిల్ 14, కాజీపేట

పొద్దున ఆరున్నరకే ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కాం. షెడ్లలోకి అనుమతి లేకుండా పోకూడదు, నేను అడగనూ లేదు. బ్రిడ్జి మీద నుంచి చూసేదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కింద పట్టాలు చీలిపోతూ, కలుస్తూ ఉంటాయి. ఒక దారి సికింద్రాబాద్‌కి, ఒకటి విజయవాడ వైపు, ఒకటి బల్లార్షాకి. 1929లో ఈ బల్లార్షా లైను పూర్తయ్యాకే ఢిల్లీ నుంచి మద్రాసుకి ఇటుగా నేరుగా రైలు దారి ఏర్పడింది. కాజీపేట జంక్షన్‌కి ఇంత పేరు రావడానికి కారణం అదే.

ఒక గూడ్సు ఎలక్ట్రిక్ ఇంజన్‌తో వచ్చి ఆగింది. డబ్ల్యూఏజీ-9, ఆరు వేల హార్స్‌పవర్. కదిలేటప్పుడు ఒక సన్నని కూత లేచి, రెండు మూడు మెట్లు మారి, ఆగిపోయింది. అంతే, యాభైకి పైగా వ్యాగన్లు నడిచి వెళ్లిపోయాయి. కాసేపటికి యార్డులో ఒక పాత డీజిల్ ఇంజన్ వ్యాగన్లను అటూ ఇటూ జరిపే షంటింగ్‌కి వచ్చింది. దాని సంగతి వేరు. నిలబడి ఉన్నప్పుడే బ్రిడ్జి రెయిలింగ్ మీద పెట్టిన చేతికి అదురు తెలిసింది. డ్రైవరు నాచ్, అంటే జోరు పెంచే మెట్టు, పెంచగానే గుప్పున నల్ల పొగ. ఇంధనం ముందు వచ్చేస్తుంది, గాలిని లోపలికి నెట్టే టర్బో తిరగడం అందుకుని గాలి తెచ్చేసరికి కాస్త ఆలస్యం. ఆ మధ్యలో సగం కాలిన డీజిలే ఆ నలుపు. డీజిల్ ఇంజన్ అంటాం గానీ, దాని చక్రాలను తిప్పేది కూడా కరెంటు మోటార్లే. లోపలి డీజిల్ ఇంజన్ పని ఆ కరెంటును పుట్టించడం. పైన తీగ ఉంటే కరెంటు బయటి నుంచి వస్తుంది, లేకపోతే కడుపులోనే తయారు చేసుకోవాలి. ఈ మాట క్లాసులో చెప్తే ఒక్కరూ నమ్మరు.

బ్రిడ్జి చివర చాయ్ బండి ఆయన మమ్మల్ని చాలాసేపు గమనించి అడిగాడు, "ఎక్కేది లేదు, దిగేది లేదు, గంట నుంచి నిలబడ్డరు. ఎవరన్నా రావాల్నా?" ఇంజన్లు చూస్తున్నామన్నాను. ఆయన కిందికి ఒకసారి చూసి, మళ్లీ నన్ను చూసి, "పోన్లే మేడం" అని రెండో చాయ్‌లో అల్లం ఎక్కువ వేశాడు. రెండు చాయ్‌లకు ముప్పై రూపాయలు.

పది గంటలకు మా తమ్ముడి ఇంటి ఓనర్‌గారి తండ్రి దగ్గరికి వెళ్లాం. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇంజన్ క్లీనర్‌గా చేరి, సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్ అయి, ఆఖరికి గూడ్సు డ్రైవరుగా రిటైరయ్యారు. మేమంతా తాత అనే పిలుస్తాం. వెళ్లగానే మాట మొదలుపెట్టబోతే అవ్వ ఆపేసింది. "తినకుండ ముచ్చటేంది?" జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, పచ్చి ఉల్లిగడ్డ. ఈ కాలంలో చింతచిగురు దొరికిన ఇంట్లో ఇంకో కూర చేయరు. మూడో రొట్టె వద్దంటే అవ్వ ముఖం మాడ్చుకుంది కాబట్టి అదీ తిన్నాను.

నేను మనసులో ఒక బొమ్మ వేసుకుని వెళ్లాను. ఆవిరి ఇంజన్ పేరెత్తగానే తాత కళ్లు మెరుస్తాయని, ఆ రోజులే వేరని అంటారని. తాత చెయ్యి కడుక్కుని వచ్చి, మంచం మీద కూర్చుని, మొదట చూపించింది కుడి మోచేయి. మంట తలుపు అంచు తగిలి కాలిన మచ్చ, రూపాయి బిళ్లంత.

"ఏం బాగుండె బిడ్డా? ముందు మంట, ఎనక ఎండ. ఏప్రిల్‌ల జనగామ దిక్కు గూడ్సు పట్టుకపోతే ఒంట్ల నీళ్లు మిగలకపోయేది."

కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే దారంతా ఎత్తు ఎక్కడమే. గూడ్సు లాగే డబ్ల్యూజీ రకం ఆవిరి ఇంజన్‌కి బాయిలర్ ప్రెషర్ చదరపు అంగుళానికి 210 పౌండ్లు. అది పడిపోకుండా చూడడం ఫైర్‌మన్ పని. సెకండ్ ఫైర్‌మన్ ఇంజన్ వెనకుండే బొగ్గు పెట్టె, టెండర్లోంచి బొగ్గు ముందుకు లాగి, పెద్ద పెళ్లలు పగలగొట్టి ఇస్తాడు. ఫస్ట్ ఫైర్‌మన్ పారతో వేస్తాడు. పోసేయడం కాదు, పరచడం. ఒక మూల గుంట పడితే అక్కడి నుంచి చల్లగాలి దూరి ఆవిరి పడిపోతుంది. ఎక్కువ పడితే బూడిద కరిగి గడ్డలుగా క్లింకర్ కట్టి, మంట కింది ఇనుప జల్లెడ, గ్రేటు, మూసుకుపోతుంది. అప్పుడు పొడవాటి ఇనుప చువ్వతో మంటలో చెయ్యి పెట్టినంత పని చేసి పగలగొట్టాలి. మా సింగరేణి బొగ్గుకి బూడిద ఎక్కువ, క్లింకరూ ఎక్కువేనని తాత ఫిర్యాదు.

నీళ్ల సంగతి అడిగాను. తాత గొంతు తగ్గింది. బాయిలర్ నీటి మట్టం చూపే గేజ్ గ్లాసులో నీళ్లు కనపడకపోతే గుండె ఆగినంత పని. ఫైర్‌బాక్స్ నెత్తిన సీసం పోసిన ప్లగ్గు ఒకటి ఉంటుంది. నీటి మట్టం దిగితే అది కరిగి, ఆవిరి మంట మీదికి దూకుతుంది. బాయిలర్ పేలకుండా చేసిన ఏర్పాటు అది. "ప్లగ్గు కరిగిందంటే ఇంజన్ బతికినట్టు, మా నౌకరీ సచ్చినట్టు. చార్జిషీటే." ఒక రాత్రి బాయిలర్లోకి నీళ్లు నెట్టే ఇంజెక్టర్ పట్టక, నీళ్లు ఎక్కక, డ్రైవరూ తానూ దేవుళ్లందరినీ తలుచుకున్నారట. చివరికి ఇంజెక్టర్ మీద చన్నీళ్ల తడిగుడ్డ వేస్తే పట్టిందట. ఫిజిక్స్ చెప్పే నాకు ఆ తడిగుడ్డ కారణం వెంటనే అర్థమైంది. ఇంజెక్టర్ వేడెక్కితే దాని లోపల ఆవిరి నీరుగా మారదు, మారకపోతే నీటిని బాయిలర్‌లోకి నెట్టలేదు. తాతకి కారణం అక్కర్లేదు, తడిగుడ్డ చాలు.

అంత కష్టపడితే ఫలితమెంత? ఆవిరి రైలింజన్ సామర్థ్యం ఆరేడు శాతం దగ్గర ఉండేది. వంద పారల బొగ్గులో బండిని లాగింది ఆరో ఏడో పారలు. మిగతాదంతా పొగగొట్టంలోంచి, తాత ఒంట్లోంచి పోయింది. ఈ లెక్క చెప్పగానే తాత నవ్వలేదు. "తొంభై పారలు ఉత్తగనే ఏసిన్నన్నట్టు" అన్నారు. అవ్వ మాత్రం చాలాసేపు నవ్వింది.

మరి మీకు నచ్చిన ఇంజన్ ఏది తాతా అంటే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "డీజిల్. కుర్చి ఉండె."

సాయంత్రం ఊరు దాటి మడికొండ దిక్కు ఒక రౌండు కొట్టాం. 2023 జూలై 8న ప్రధాని శంకుస్థాపన చేసిన రైల్వే తయారీ యూనిట్ అటువైపే. కోచ్ ఫ్యాక్టరీ అని దశాబ్దాలుగా అడిగిన ఊరు ఇది. ప్రహరీ గోడ, లోపల పెద్ద షెడ్లు, గేటు. రోడ్డు మీద నుంచి అంతకుమించి చూడ్డానికేం లేదు.

ఏప్రిల్ 15, హుజూరాబాద్ దాటాక

జమ్మికుంట మీదుగా పెద్దపల్లి వెళ్దామనుకున్నాం. ఫోన్‌లో మ్యాప్ దగ్గరి దారి అని చెప్పి కాకతీయ కాలువ కట్ట ఎక్కించింది. కిలోమీటరు పోయాక కట్ట సన్నబడింది. ఎదురుగా వడ్ల ట్రాక్టరు. వెనక్కి పోవాల్సింది మేమే, లోడుతో ఉన్న బండికి దారివ్వడం ఇక్కడి పద్ధతి. తమ్ముడు చెమటలు కక్కుతూ రివర్స్ చేస్తుంటే ట్రాక్టరాయన దిగి వచ్చి, చేతులూపుతూ, "కొట్టు, కొట్టు, సీదా" అని దారి చూపించాడు. అంతా అయ్యాక, "మ్యాప్ చూసి వచ్చిండ్రా? రోజుకు ఇద్దరొస్తరు" అన్నాడు.

కట్ట దిగితే యాసంగి వరి కోతలు. హార్వెస్టర్లు దుమ్ము లేపుతున్నాయి. పంజాబ్ నుంచి వచ్చిన కుర్రాళ్లు వేపచెట్టు కింద రొట్టెలు కాల్చుకుంటున్నారు. టైర్ల మిషన్‌కి గంటకు రెండు వేల పైనే, బురద పొలంలో దిగే చైన్ మిషన్‌కి ఇంకా ఎక్కువ. మిషన్ తిరిగినంతసేపూ రైతు గట్టు మీద నిలబడి ఫోన్‌లో టైమ్ చూసుకుంటూనే ఉన్నాడు.

తాటి ముంజల కోసం ఆగిన చోట దొరికింది అసలు సరుకు. పశువుల కొట్టం పక్కన, పాత ఫ్లెక్సీ కప్పుకుని ఒక ఆయిల్ ఇంజన్. ఇంగ్లండు లిస్టర్ కంపెనీ నమూనాలో రాజ్‌కోట్ వైపు చేసిన రకం, ప్లేటు మీద 650 ఆర్‌పీఎం అని చదవొస్తోంది. రెండు పక్కలా నా నడుమెత్తు ఫ్లైవీల్స్. కొట్టం యజమానికి యాభై ఏళ్లుంటాయి. ఇది వాళ్ల బాపు కొన్నదట. స్టార్ట్ అవుతుందా అన్నా అని అడిగితే, "ఎందుకు కాదక్కా, డీజిల్ మీరు పోస్తే" అన్నాడు. తమ్ముడు బంకుకి పోయి లీటరు తెచ్చాడు.

ఆయన ముందు ఫ్లెక్సీ తీసి, ఎలుక గూడు దులిపి, ఫ్యూయల్ పైపులో గాలి తీశాడు. తర్వాత వాల్వు మీదున్న చిన్న మీట పైకెత్తాడు. అది ఎత్తితే సిలిండర్‌లో గాలి బిగుసుకోదు, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు నాకు చూపించాడు. నాలుగు వేళ్ల పక్కనే ఉంది, చుట్టూ తిప్పి పట్టలేదు. "ఇట్లనే పట్టాలె. ఎదురు తన్నిందంటే చెయ్యి జారిపోవాలె. బొటనేలు అటు పెట్టినోనికి మణికట్టు ఇరుగుతది, మా చిన్నాయినకు ఇరిగింది." తిప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా, ఇంకొంచెం జోరుగా, మెడ నరాలు తేలేదాకా. ఫ్లైవీల్ ఊపందుకోగానే హ్యాండిల్ లాగేసి మీట దించాడు. ఒక్క తుమ్ము. పొగ ఉండలు. ఆగింది. మళ్లీ తిప్పాడు. ఈసారి గాలి లాగే చోట డీజిల్ గుడ్డ ముట్టించి పట్టుకోమని తమ్ముడికిచ్చాడు. లోపలికి పోయే గాలి వేడిగా ఉంటే మొదటి పేలుడు తొందరగా పడుతుంది. పడింది. డుబ్... డుబ్... డుబ్‌డుబ్. కోళ్లు గోడ దూకాయి. పక్కింటి ముసలమ్మ బయటికొచ్చి, "కరెంటు పోయిందా?" అని అడిగింది.

నాకు ఒళ్లు పులకరించింది. ఒక్కో దెబ్బా విడివిడిగా లెక్కపెట్టగలిగే ఇంజన్ ఇప్పుడెక్కడుంది? ఎంత బాగుందో అన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ చెప్పిన మాట నేను మర్చిపోలేను: "మీకు పాట లెక్క ఇనబడుతుండొచ్చక్కా. నాకు డీజిల్ పోయినట్టే ఇనబడుతది."

తొంభైల్లో, ఆ తర్వాత కూడా, కరెంటు ఎప్పుడొస్తుందో తెలీక రాత్రుళ్లు బాయి కాడ పడుకున్న కథ ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంది. మోటరు కాలితే వైండింగ్ ఖర్చు, ఇంజన్ పెడితే డీజిల్ ఖర్చు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక ఇది ఫ్లెక్సీ కిందికి పోయింది. పాత ఇనుము వాడు వచ్చి అడిగిపోతున్నాడు, ఆయన ఇవ్వట్లేదు. ప్రేమా అంటే కాదట. "కాలువల నీళ్లు బంద్ అయినా, పైన కరెంటు బంద్ అయినా అక్కెరకొస్తది." ముంజలు డజను వంద రూపాయలు చెప్పాడు గానీ, లీటరులో మిగిలిన డీజిల్ వదిలేశామని ఎనభై తీసుకున్నాడు.

ఏప్రిల్ 16, గోదావరిఖని

ఇక్కడ టిఫిన్ సెంటర్లు షిఫ్టుల్ని బట్టి నడుస్తాయి. పొద్దున ఆరుకే బస్టాండ్ దగ్గర పూరి అయిపోయింది, ఇడ్లీ ఉంది. ప్లేటు నలభై, చట్నీ ఎంత కావాలంటే అంత. పక్క బెంచీ మీద ఇద్దరు రాత్రి షిఫ్టు దిగినవాళ్లు, ఇద్దరు ఎక్కేవాళ్లు. ఇక్కడెవరూ గనికి పోతున్నా అనరు, బాయి మీదికి పోతున్నా అంటారు.

అందులో ఒకాయన హాలేజ్ ఆపరేటర్. భూగర్భంలో బొగ్గు టబ్బులను ఉక్కు తాడుతో లాగే డ్రమ్ము ఇంజన్ అది, ఇప్పుడు కరెంటుతో నడుస్తుంది. ఆయన ఉన్న చోటు నుంచి టబ్బులు కనపడవు, బెల్లు మోత మీదే నడపాలి. మరి తాడు మీద బరువు ఎంతుందో ఎట్లా తెలుస్తుందని అడిగితే, "మోటరు మూలుగుతది మేడం" అన్నాడు. నేను దాన్నే పట్టుకుని వేలాడుతుంటే ఆయనకు విసుగొచ్చింది. ఆయనకు నచ్చిన యంత్రం హాలేజ్ కాదు, మ్యాన్ రైడింగ్. కార్మికులు కూర్చుని దిగే, ఎక్కే కుర్చీల తాడు. అంతకుముందు షిఫ్టు అయిపోయాక ఏటవాలు దారిలో పైకి నడిచి వచ్చేసరికి మోకాళ్లు పోయేవి. "బొగ్గును గుంజే ఇంజన్ ఎన్నడో వచ్చింది. మనిషిని గుంజే ఇంజన్ ఆలస్యంగ వచ్చింది."

ఆ మాట దగ్గర నాకు న్యూకామెన్ గుర్తొచ్చాడు. 1712లో ఇంగ్లండులో ఆయన కట్టిన ఆవిరి ఇంజన్ పని బొగ్గు గనిలోంచి నీళ్లు తోడడమే. రైళ్లూ మిల్లులూ తర్వాత. ఇక్కడ 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది. అప్పటి నుంచి తవ్వడం ఒక ఎత్తు, నీళ్లు తోడడం ఒక ఎత్తు. ఈ రోజుకీ పంపులు ఆగితే బాయి మునుగుతుంది.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గని, అంటే పైనుంచి తవ్వే గని, పక్క రోడ్డు మీద కాసేపు ఆగాం. వంద టన్నుల డంపర్లు మట్టి దిబ్బ మీదికి ఎక్కుతున్నాయి. వాటి టైరు పక్కన నిలబడ్డ మనిషి తల టైరు పైఅంచు దాకా రాలేదు. అక్కడే చున్నీకి మసి పట్టింది. గాలిలో ఉన్నదే చాలు. గోదావరి చేపల పులుసుతో భోజనం నూట యాభై. కారం ఎక్కువ, కానీ రెండోసారి అన్నం అడిగేలా ఉంది.

ఏప్రిల్ 17, రామగుండం

నా పాత విద్యార్థి ఒకడు ఎన్టీపీసీలో ఇంజనీరు. పది రోజుల ముందే పర్మిషన్ పెట్టి ఉంచాడు. గేటు దగ్గర హెల్మెట్, చెవుల్లోకి స్పాంజి ముక్కలు. "మేడం, మీరు బోర్డు మీద గీసిన బాణం ఇక్కడుంది, రండి" అన్నాడు. వాడు మార్కులకు భయపడే రకం, ఇప్పుడు నాకు దారి చూపిస్తున్నాడు.

రామగుండం పాత థర్మల్ పవర్ స్టేషన్ 2,600 మెగావాట్లది. 200 మెగావాట్లవి మూడు యూనిట్లు, 500వి నాలుగు. మొదటి యూనిట్ 1983లో నడిచింది. పక్కనే తెలంగాణ ప్రాజెక్టు పేరుతో 800 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. ఊళ్లో 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల బి-థర్మల్ 2024లో మూతపడింది. ఆవిరి యుగం ముగిసిందని ఎవరన్నా అంటే వాళ్లను ఇక్కడికి పంపాలి. రైలు మీద నుంచి దిగిపోయింది గానీ ఆవిరి ఎక్కడికీ పోలేదు. తాత 210 పౌండ్ల ప్రెషర్ అంటే చదరపు సెంటీమీటరు లెక్కలో దాదాపు 15 కిలోలు. ఇక్కడ 500 మెగావాట్ల యూనిట్‌లో 170 కిలోలు, ఉష్ణోగ్రత 540 డిగ్రీల దగ్గర. ఒక్కో యూనిట్ గంటకు మూడు వందల టన్నులకు పైగా బొగ్గు తింటుంది.

ఆ బొగ్గు సింగరేణి గనుల నుంచి ఎన్టీపీసీ సొంత రైలు మార్గంలో వస్తుంది. రైలు ఆగకుండానే మెల్లగా పోతుంటే వ్యాగన్ల అడుగు తెరుచుకుని బొగ్గు కింది తొట్టిలోకి జారిపోతుంది. ఖాళీ బండి చుట్టూ తిరిగి మళ్లీ గనికే. తొట్టి నుంచి మిల్లుకి వెళ్లిన బొగ్గు, బయటికొచ్చేసరికి పొడి. కొంచెం వేలి మీద వేసుకుని రుద్దితే గరుకే తెలియలేదు. గాలితో కలిపి బాయిలర్‌లోకి ఊదుతారు. పారతో పరచడం, గుంట పడడం, చువ్వతో పొడవడం, ఏవీ లేవు.

బాయిలర్ గోడకు అరచేతి కంటే చిన్న కిటికీ ఒకటుంది. నీలం అద్దం అడ్డం పెట్టుకుని చూడమన్నాడు. లోపల మంట నాలుకలుగా లేదు. ఖాళీ అంతా ఒకే వెలుగు, సుడి తిరుగుతోంది. పది క్షణాలు చూశానేమో, ముఖం కాలింది. తాత ఎనిమిది గంటలు దాని ముందు ఎట్లా నిలబడ్డారో.

టర్బైన్ హాల్లో మాట వినపడదు. నిమిషానికి 3,000 చుట్లు. సెకనుకు యాభై, మన ఇళ్లలో కరెంటు యాభై హెర్ట్జ్ కావడం దాని వల్లే. పసుపు రంగు తొడుగు మీద చెయ్యి పెట్టనిచ్చారు. నిన్నటి దాకా చూసిన డీజిల్ ఇంజన్లు కొట్టుకుంటూ తిరిగేవి, ఇది ఉన్న చోటే సన్నగా వణుకుతుంది. కింది అంతస్తులో కండెన్సర్ చూపించమని నేనే అడిగాను. జేమ్స్ వాట్ 1769లో పేటెంటు తీసుకున్నది దీనికే. సిలిండర్‌ను చల్లబరచకుండా ఆవిరిని వేరే పెట్టెలో చల్లబరచాలన్న ఆలోచన. ఇంత పెద్ద స్టేషన్‌లో అదే పెట్టె అట్లాగే ఉంది, పాతికింతలు కాదు, వేల ఇంతలు పెద్దదై. ఇంత చేసినా బొగ్గులోని వేడిలో కరెంటుగా మారేది నలభై శాతంలోపే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఆ కూలింగ్ టవర్ల మీద నుంచి తెల్లగా ఆకాశంలోకి పోతోంది. నేను గీసే కింది బాణం అదే. క్లాసులో పక్క బాణం కంటే దాన్ని చిన్నగా గీస్తుంటాను, ఇక నుంచి పెద్దగా గీయాలి.

కంట్రోల్ రూమ్‌లో ఏసీ చల్లగా, తెరలు వరసగా. షిఫ్టు ఇంజనీరుకి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఇంజన్ చప్పుడు విని ఏదన్నా కనిపెట్టగలరా అంటే నవ్వాడు. బేరింగ్ వైబ్రేషన్ మైక్రాన్లలో తెర మీదే వస్తుందట. "వినపడేదాకా వచ్చిందంటే అప్పటికే ట్రిప్ అయి ఉంటది మేడం." ట్రిప్ అంటే మిషన్ తనంతట తానే ఆగిపోవడం. నాకు కొంచెం నిరాశగా అనిపించింది. క్యాంటీన్‌లో పెసరట్టు తింటూ ఆలోచిస్తే, తాత ఈ గదిని చూస్తే ఒక్క మాట అంటారనిపించింది: కుర్చీ ఉంది.

ఏప్రిల్ 18, కరీంనగర్ మీదుగా

తిరుగు దారిలో రామడుగు వైపు పోయి గాయత్రి పంపుహౌస్ చూడాలనుకున్నాం. కాళేశ్వరం ఎత్తిపోతల్లో ఒక్కొక్కటి 139 మెగావాట్ల పంపులు ఏడు భూమి లోపల ఉన్నాయి. ఒక్క పంపు అంటే లక్షా ఎనభై ఆరు వేల హార్స్‌పవర్. మొన్నటి ఆయిల్ ఇంజన్లు ముప్పై వేలు కలిపితే ఒకటి. లోపలికి సందర్శకులకు దారి లేదు, పంపులూ తిరగట్లేదు. కాలువ చూసి, సర్వపిండి తిని, హన్మకొండ చేరాం. సర్వపిండి ముక్క ఇరవై, నువ్వులు తక్కువ.

ఏప్రిల్ 19, హన్మకొండ

ఫైర్ స్టేషన్‌కి వెళ్లాం. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు, వాళ్ల జ్ఞాపకంగా. ఆ ఓడలో పేలుడు సామగ్రితో పాటు పత్తి బేళ్లు ఉన్నాయి, మంట మొదలైంది ఆ పత్తిలోనే. వరంగల్‌లో ఈ మాట చెప్తే అందరికీ తెలిసిన సంగతే. పత్తి బేలు పైన ఆరినట్టే ఉంటుంది, లోపల రాజుకుంటూనే ఉంటుంది. జిన్నింగ్ మిల్లు కాల్ వస్తే రెండు మూడు రోజులు అక్కడే కాపలా ఉన్న సందర్భాలున్నాయని ఒక ఫైర్‌మన్ చెప్పాడు. అంతకంటే ఘోరం మిర్చి. "తేజ మిర్చి కోల్డ్ స్టోరేజీ అంటుకుంటే మాస్కు పెట్టుకున్నా ఏడుపే మేడం. ఇంటికి పోయి స్నానం చేసినంక మళ్లా మండుతది."

వారోత్సవాలు కాబట్టి ఫైరింజన్ తలుపులన్నీ తెరిచి పెట్టారు. పిల్లలు సైరన్ బటన్ కోసం కొట్టుకుంటున్నారు. నేను వెనకాలకి పోయి పంపు దగ్గర నిలబడ్డాను. లారీ ఇంజన్ ఒకటే. రోడ్డు మీద చక్రాలను తిప్పుతుంది, ఆగాక మీట మార్చి దాంతోనే పంపు తిప్పుతారు. ట్యాంకులో 4,500 లీటర్లు. పంపు పూర్తి జోరులో నిమిషానికి 1,800 లీటర్లు వదలగలదు. అంటే రెండున్నర నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. అందుకే ఎక్కడికి పోయినా మంట కంటే ముందు చెరువెక్కడ, బాయెక్కడ అని అడుగుతారట. ఊళ్లలో మాత్రం జనం బండి ఆగకముందే పైపు పట్టుకుని లాగుతారు. "ముందు మమ్మల్ని దిగనియ్యిండ్రి అని బతిమాలాలె."

1829లో లండన్‌లో బ్రైత్‌వైట్, ఎరిక్సన్ కలిసి మొదటి ఆవిరి ఫైరింజన్ చేశారని నేను చెప్పాను. మంట ఆర్పడానికి పోతూ పోతూ ముందు బాయిలర్ కింద మంట పెట్టాలి. అందరూ నవ్వారు. డ్రైవర్ ఆపరేటర్ ఒక్కడు నవ్వలేదు. ఆవిరి లేవడానికి ఎంతసేపు పట్టేదని అడిగాడు. పది నిమిషాల పైనే పట్టేదంటే, "అప్పటిదాకా వీళ్లు చేసే లొల్లి ఎవడు తట్టుకుంటడు?" అన్నాడు. ఆయన బాధ వేరు. ఎండల్లో గడ్డివాముల కాల్స్ రోజూ ఉంటాయి, సన్న సందుల్లోకి ఈ పెద్ద బండి దూరదు. అడుగుతున్నది చిన్న బండి.

వెళ్లబోతుంటే ఆయనే ఆపి అడిగాడు. "మేడం, ఫిజిక్స్ అంటున్నరు కదా. గిదే పంపు కాలువల నీళ్లు మంచిగ గుంజుతది. లోతు బాయిల పైపు ఏస్తే గుంజదు. ఇంజన్‌ల దమ్మున్నా ఎందుకు గుంజదు?"

నాకు హుషారొచ్చింది. ఎండిన నేల మీద పుల్లతో బాయి గీశాను. పంపు నీటిని పీల్చదు, పైపులో గాలి తీసేస్తుంది అంతే, బయటి గాలి బరువు నీటిని పైకి నెడుతుంది అన్నాను. ఆ గాలికున్న బలం లెక్క ప్రకారం 10.3 మీటర్లు, లీకులూ రాపిడీ పోగా ఏడు మీటర్ల దగ్గర ఆగిపోతుంది, ఎంత పెద్ద ఇంజన్ పెట్టినా గాలి బరువు పెరగదు కదా అన్నాను. అందుకే ప్రైమర్‌తో ముందు గాలి తీస్తారని, లోతు బాయి అయితే పంపునే కిందికి దింపాలని కూడా చెప్పాను. తమ్ముడు కారు హారన్ కొడుతున్నా వదల్లేదు.

ఆయన చేతులు కట్టుకుని అంతా విన్నాడు. "కరెక్టే చెప్పిండ్రు. ట్రైనింగ్‌ల మాకు గిట్లనే చెప్పిండ్రు. కాలేజీల సరిగ్గ చెప్తున్నరా లేదా అని అడిగిన. మా బిడ్డ ఇంటర్‌ల చేరుతది ఈసారి."